సార్‌కి మీసాలు పెట్టినవాళ్లు

కడప బస్టాండు బయట కట్టిన మొదటి ఫ్లెక్సీలోనే సార్‌కి మీసాలున్నాయి. బస్సు దిగి, సంచి భుజానికి తగిలించుకుని, ఆటో కోసం చూస్తూ తల ఎత్తితే ఎదురుగా ఆయన. ముందు నేను గుర్తుపట్టలేదు. ఎవరో రాజకీయ నాయకుడు పోయాడనుకున్నాను. తెల్ల చొక్కా, మెడలో కండువా, మెలితిప్పిన నల్లటి మీసం, వెనక నోరు తెరిచిన సింహం. కళ్లు చూశాక గానీ అది మా కెమిస్ట్రీ సార్ అని తెలియలేదు. బతికున్నన్నాళ్లూ నున్నగా గీసుకున్న మొహంతో, యాసిడ్ పడి చిల్లులు పడ్డ చొక్కాతో తిరిగిన మనిషికి చచ్చాక మీసాలు మొలిచాయి. కింద కులసంఘం పెద్దల ఫొటోలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కరి తలకాయా సార్ తలకాయ కంటే పెద్దది. మధ్యలో ఆయన పేరు, ఆ పేరు చివర తోక. ఆ తోకేమిటో నేనిక్కడ రాయను. ఆయన ఏనాడూ రాసుకోలేదు, నేనెందుకు రాయాలి? ఆయనది ఏ కులమో కడపలో అందరికీ తెలుసు. తెలిసి ఊరుకోవడం వేరు, తెచ్చి తగిలించడం వేరు.

"ఈ సార్ ఇంటికాడికి పోవాలప్పా," అని ఆటో అతనికి ఫ్లెక్సీ చూపించాను.

"ఆ సంఘం పెద్దాయనేనా? పొద్దున్నించి అందరూ ఆడికే పోతాండారు. కూర్చోమ్మా," అన్నాడతను. కాస్త దూరం పోయాక అద్దంలో నన్ను చూసి, "శానా పెద్ద లీడరంట గదా?" అన్నాడు.

"లీడరు కాదు. కాలేజీలో చదువు చెప్పే సారు."

"అట్లనా. మీసాలు సూసి లీడరనుకుంటి."

సార్ పెద్దకర్మకి నేను ఆ ఊరికి పోయింది ఏడవడానికి. ఏడుపు బస్టాండులోనే ఎండిపోయింది. దాని బదులు రోత పుట్టింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ రోత తగ్గలేదు కాబట్టి చదివేవాళ్లు నా నుంచి తీపి జ్ఞాపకాలు ఆశించవద్దు. తీపి ఉంది, అదీ చెబుతాను. అది చెప్పకపోతే నాకెందుకింత రోత పుట్టిందో మీకు అర్థం కాదు.

మాది ఆదోని వైపు పల్లె. మా మేనమామ కడపలో బండలు కోసే చోట పనిచేసేవాడు. అతని ధైర్యం మీద నాయన నన్ను కడప కాలేజీలో చేర్పించాడు. చేర్పించాక తెలిసింది, ఆడపిల్లల హాస్టల్‌లో చోటు లేదు. మేనమామ ఉండేది రేకుల గది, అందులో ఆయన పిల్లలకే కాళ్లు చాపుకోవడానికి వీలుండదు. ఇంటికి తీసుకుపోదామని నాయన నా పెట్టె మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. అప్పుడు ల్యాబులోంచి బయటికొస్తూ ఒకాయన ఆగి, సంగతి కనుక్కుని, "మా ఇంట్లో ఉంటుందిలే," అన్నాడు. నాయన నమ్మలేదు. "ఎంత దుడ్లియ్యాల సార్?" అన్నాడు. డబ్బుని దుడ్లంటే కడప వైపు వాళ్లకి నవ్వు. ఆయన నవ్వలేదు. "దుడ్లు వద్దప్పా. ఆదివారం వంతు వస్తే వంట చెయ్యాల, అంతే," అన్నాడు. వంటమనిషిగా పెట్టుకుంటున్నాడని నాయనా నేనూ అనుకున్నాం. అదైనా నయమేననుకున్నాం.

ఆ ఇంట్లో ముగ్గురు పెద్దలు. సార్, ఆయన భార్య సుబ్బక్క, ఆయన తల్లి. ఆ తల్లిని అందరం జేజి అనేవాళ్లం. సార్ కూతురు వాణి అప్పటికి చిన్న బడిలో చదువుతోంది. ఇంటికి ఆనుకుని వీధి వైపు ఒక పొడుగాటి గది ఉండేది. అందులో నలుగురైదుగురు మగపిల్లలు, కాలేజీలో చదివేవాళ్లు. నేను జేజితో పాటు నడిమింట్లో పడుకునేదాన్ని. తెల్లవారగానే సార్ చేసే మొదటి పని వాణికి జడలు వేయడం. ఆముదం నూనె గోరువెచ్చగా చేసి, గడప మీద కూర్చుని, పిల్లను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని పాయలు తీసేవాడు. సుబ్బక్క ఆ సమయానికి పెరట్లో కుక్కిమంచం మీద పుస్తకం పట్టుకుని ఉండేది. పెళ్లినాటికి ఆమె చదివింది ఏడో తరగతి. ఆయన ఒక్కొక్క పరీక్షే ప్రైవేటుగా కట్టించి బి.ఎ. దాకా తెచ్చాడు. ఆమె పరీక్షలప్పుడు సంగటి కెలికేది కూడా ఆయనే. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు చూసి మూతులు తిప్పేవాళ్లు. ఒక చిన్నాయన మొహం మీదే అడిగాడు, "ఏమప్పా, ఆడోళ్ల పని నీకెందుకు?" అని. సార్ రిబ్బను ముడి వేస్తూ, "దువ్వెన పట్టుకుంటే చెయ్యేం ఊడిపోదులే చిన్నాయనా," అన్నాడు. కోపం లేదు, ఉపన్యాసం లేదు. వాణి జడలు మాత్రం కాస్త వంకరగానే ఉండేవి.

సాయంత్రం ఆయన ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది. ల్యాబులో లవణాలు పరీక్షించే రోజుల్లో కుళ్లిన గుడ్డు కంపు చొక్కాకి పట్టుకునేది. జేజి ముక్కు పట్టుకుని, "ఒరేయ్, ఆ రోత గుడ్డలు ఆడే ఇడిసి రా," అని పెరటి తలుపు దగ్గరే ఆపేది. కాలేజీలో ఆయన నడిచొస్తుంటే కుర్రాళ్లు సైకిళ్లు దిగేవాళ్లు. ఆ మనిషి పెరట్లో తువ్వాలు చుట్టుకుని, తల్లి పోసే చెంబు నీళ్లకి తల వంచి నిలబడేవాడు. తర్వాత చారు పోపు వాసన, సుబ్బక్క నూరే ఊరుబిండి పచ్చడి వాసన, సీకాయ వాసన. నాకు ఇప్పటికీ కెమిస్ట్రీ అంటే ఆ వాసనలన్నీ కలిసి వస్తాయి.

ఇక ఆదివారం వంతు. ఆ వారం ఎవరి వంతైతే వాళ్లు తమ ఇంట్లో అమ్మ ఏం వండుతుందో అదే వండాలి. సార్ పని ఉల్లిపాయలు తరగడం. అందరూ నడిమింట్లో కింద వరసగా కూర్చుని తినాలి, వండినవాళ్లతో సహా. "వీళ్లు ఏం తిని పెరిగినారో తెలీకుండా నేనేం చదువు చెప్పేది?" అనేవాడు ఆయన. నా వంతు రోజు జొన్నరొట్టెలు తట్టాను. ఆ చప్పుడుకి వీధిలోవాళ్లు తొంగి చూశారు. జేజి పళ్లు లేక రొట్టెను పాలల్లో నానబెట్టుకుని తిన్నది. భాస్కర్ అని ఒకడుండేవాడు. కోయిలకుంట్ల దగ్గర భూములున్న ఇంటి పిల్లాడు, జన్మలో పొయ్యి వైపు చూసి ఎరగడు. ఉప్మా మాడ్చి పెడితే అందరం గీరుకుని తిన్నాం. అదే ఊరి నుంచి పుల్లయ్య వచ్చాడు. పుల్లయ్య వాళ్ల ఇల్లు ఊరికి బయట. వాళ్ల నాయన భాస్కర్ వాళ్ల చేలో పనిచేసేవాడు. ఊళ్లో భాస్కర్ ఇంటి గడప దాటే వీలు లేని పుల్లయ్య, ఇక్కడ భాస్కర్ పక్కన చాప వేసుకుని పడుకునేవాడు.

పుల్లయ్య మొదటి వంతు నాకు బాగా గుర్తు. పొద్దున్నే బోటి తెచ్చాడు గానీ వంటింట్లోకి రావడానికి కాళ్లు రాలేదు. పెరట్లోనే నిలబడ్డాడు. సార్ లుంగీ ఎగ్గట్టి, వేడినీళ్లూ సున్నమూ తెచ్చి, అతని పక్కన కూర్చుని ఆ పేగులు తిరగేసి గీకాడు. గీకుతూనే సున్నం ఏం చేస్తుందో చెప్పాడు. ఆ కంపుకి నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. కూర ఉడికాక వీధంతా అల్లం వెల్లుల్లి వాసన. భాస్కర్ ఇంకాస్త ఇంకాస్త అని అడిగి పెట్టించుకున్నాడు. వేళ్లు నాకాడు. అది నేను కళ్లారా చూశాను, అందుకే రాస్తున్నాను.

జేజి తినలేదు. పుల్లయ్య వంతు వచ్చిన ప్రతి ఆదివారం పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని తన సంగటి తనే కెలుక్కునేది. సార్ తల్లితో వాదించలేదు, దాచి పెట్టనూ లేదు. జేజి అక్కడి నుంచే, "ఒరేయ్ పుల్లయ్యా, వాసన బాగుండాది రా. ఉప్పు సాలిందా?" అని అడిగేది. "సాలింది జేజీ," అనేవాడు పుల్లయ్య. ఆమె పోయేదాకా అంతే, మారలేదు. అప్పట్లో ఆ ముసలామె మీద నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె తన మనసులో ఉన్నది పెరట్లో పొయ్యి పెట్టుకుని అందరికీ కనబడేలా చూపించింది. కొడుకు ఇంటి నడిమింట్లో ఎవరు కూర్చుంటారన్నది కొడుకుకే వదిలేసింది. తన పట్టింపుకి కొడుకు పేరు పెట్టలేదు. ఈనాటి వాళ్లతో పోలిస్తే జేజి ఎంతో మర్యాదస్తురాలు.

ఈనాటి వాళ్ల సంగతికి వస్తాను. ఆటో దిగేసరికి ఇంటి ముందు షామియానా, స్టేజీ, ఇంకో పెద్ద ఫ్లెక్సీ. అందులో మీసం ఇంకా లావు. ఒక పక్క భోజనాలు నడుస్తున్నాయి. ముందు వరస బల్లలకి తెల్లగుడ్డలు, ఒక్కొక్కరి ముందు నీళ్ల సీసా. మిగతావాళ్లకి ఉత్త బల్లలు. గేటు పక్కన పుల్లయ్య నిలబడి ఉన్నాడు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాడు, తలంతా నెరిసింది. సార్ చివరి రోజుల్లో కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయిందీ తీసుకొచ్చిందీ ఇతనే. నన్ను చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఇద్దరం తినడానికి పోయి ముందు ఖాళీగా కనబడ్డ బల్ల దగ్గర కూర్చోబోతే, చొక్కాకి సంఘం బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, ఈ వరస మన లీడర్లకి. అయినాక పిలుస్తాం, రోంతసేపు ఆడ కూర్చోండప్పా," అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఆ వరసలో నాలుగడుగుల అవతల భాస్కర్ కూర్చుని ఉన్నాడు. సంఘానికి ఇప్పుడు అతనే అధ్యక్షుడు. తల ఎత్తి పుల్లయ్యను చూశాడు, మళ్లీ విస్తరి వైపు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

"ఆ పిల్లోనికి నేనెవురో తెలీదులే ఈరమ్మా," అన్నాడు పుల్లయ్య.

"భాస్కర్‌కి తెలుసు కదన్నా."

పుల్లయ్య మళ్లీ గేటు వైపు నడిచాడు. ఇద్దరం తినలేదు.

చేతులు కడుక్కుని భాస్కర్ నా దగ్గరికి వచ్చాడు. "ఎప్పుడొచ్చినావు ఈరమ్మా?" అంటూనే కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. రుమాలు తడిసేలా ఏడ్చాడు. "మనకు అన్నం పెట్టిన చెయ్యి," అన్నాడు. దొంగ ఏడుపు కాదు. దొంగ ఏడుపైతే నాకు ఇంత రోత పుట్టేది కాదు. నిజంగా ప్రేమించినవాడే ఆ మొహానికి మీసం పెట్టించాడు. ఎందుకు పెట్టించావని అడిగాను. "మీసం లేకుంటే బ్యానర్లో నిండుగా రాలేదన్యాడు డిజైను పిల్లోడు," అన్నాడు, అదొక పెద్ద విషయం కానట్టు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. సుబ్బక్క ఎలాగూ కర్నూల్లో వాణి దగ్గరికి పోతోంది. ఈ ఇల్లూ, వీధి వైపు గదీ, వెనక ఖాళీ జాగా సంఘానికి ఇస్తే మూడంతస్తుల హాస్టల్ లేపి సార్ పేరు పెడతారట. ఆ మాట ఇవాళే సభలో చెప్పేస్తారట.

"ఎవరి పిల్లలకు?" అని అడిగాను.

"మన పిల్లోళ్లకు."

"మన అంటే ఎవరు భాస్కర్?"

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అందరి కులాలకూ హాస్టళ్లుండాయి, మాకే ల్యా. మాలో బీదోళ్లు లేరా? సార్ మాదిరి పేరున్నోడు ఇంకెవురుండారు మాకు? తప్పేముండాది చెప్పు."

"ఆ గదిలో నీ పక్కనే చాప వేసుకున్నాడు పుల్లయ్య. అతని మనవడు వస్తే చోటిస్తారా?"

"వానికి గవర్నమెంటు హాస్టల్ ఉండాది గదా," అన్నాడు భాస్కర్. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో సిగ్గు కోసం వెతికాను. కనబడలేదు. చిరాకు మాత్రం కనబడింది, ఇంత చిన్న సంగతి దీనికి ఎందుకు అర్థం కాదన్నట్టు.

నేను గబగబా లోపలికి పోయాను. సుబ్బక్క నడిమింట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పక్కన వాణి. ఒకప్పుడు వంకర జడల పిల్ల, ఇప్పుడు కర్నూల్లో టీచరు. "మా చిన్నాయనోళ్లంతా సంఘానికి మాటిచ్చేసినారక్కా," అన్నది వాణి నాతో. "అమ్మను అడగనన్నా అడగల్యా." నేను సుబ్బక్క కాళ్ల దగ్గర కూర్చుని, ఇల్లు ఇవ్వొద్దక్కా, సార్ పేరు వాళ్ల చేతుల్లో పెట్టొద్దక్కా అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"తింటివా?" అన్నది.

"లేదక్కా."

"పుల్లయ్య తినెనా?"

బయట జరిగింది చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, "ఆయన పోయినకాడి నుంచి అందరూ నాకు చెప్పేటోళ్లే వొచ్చినారు ఈరమ్మా. నీకేం కావాలని అడిగేటోళ్లు ఒక్కరూ రాల్యా," అన్నది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను కూడా ఆమెను అడగలేదు, చెప్పడానికే పోయాను. అడుగుదామని నోరు తెరిచేలోగా ఇద్దరు సంఘం మనుషులు వచ్చి, టైమయిందమ్మా అని ఆమెను లేవదీసి స్టేజీ మీదికి తీసుకుపోయారు.

ఆమెను ఎర్రసోఫాలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎండలో ఆ శాలువా చూస్తేనే నాకు చెమట పట్టింది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. సింహం అన్నారు, మన జాతి రత్నం అన్నారు, మాటంటే మాటే అన్నారు. ఒకాయన సార్ తాతగారి గుర్రం గురించి చాలాసేపు చెప్పాడు. అంతమంది మాట్లాడితే ఒక్కడి నోట కెమిస్ట్రీ అన్న మాట రాలేదు. జడల మాట రాలేదు, ఆదివారం మాట రాలేదు. నేను ఎరిగిన మనిషిని ఒక్కొక్కడూ కొంచెం కొంచెంగా తుడిచేసి, ఆ చోట్లో తన తాతనో, పెదనాయననో నిలబెడుతున్నాడు. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. పుల్లయ్య చివరి వరసలో, షామియానా నీడ అందని చోట కూర్చున్నాడు. మాట్లాడతావా అని అతన్ని ఎవరూ అడగలేదు.

చివర్లో భాస్కర్ లేచి, అమ్మగారు పెద్దమనసుతో ఈ ఇంటిని సంఘానికి ఇస్తున్నారని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. నమస్కారం పెడుతుందనుకుని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె మైకుని చేత్తో పట్టుకుంది.

"ఆ హాస్టల్లో ఎవురెవురు ఉండొచ్చు భాస్కరా?" అని అడిగింది.

"మన పిల్లోళ్లక్కా."

"పుల్లయ్య మనవడు ఉండొచ్చునా?"

భాస్కర్ నవ్వబోయాడు. "అక్కా, అదంతా తర్వాత మాట్లాడుకుందాం. సంఘానికి రూల్సుంటాయి గదా."

"అయితే మీ సార్‌ను గూడా రానియ్యగాకండి నాయనా," అన్నది సుబ్బక్క. "మీ రూల్సుకు ఆయన పనికిరాడు."

షామియానా కింద గుసగుసలు లేచాయి. భాస్కర్ మైకు లాక్కున్నాడు. ఊళ్లో ఎంత పంచాయితీనైనా నెట్టుకొచ్చే రకం, ఊరికే అధ్యక్షుడు కాలేదు. "అమ్మగారు తీరని దుఃఖంలో ఉన్నారు. మనందరం లేచి నిలబడి, సార్ ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాడు. కుర్చీల చప్పుడు, తర్వాత అంతా నిశ్శబ్దం. లీడర్లు తలలు వంచి చేతులు కట్టుకున్నారు. ఆమె నోరు మూయించడానికి ఆయన చావునే వాడుకున్నారు. ఇన్నేళ్ల నా జీవితంలో అంత రోత నాకెప్పుడూ పుట్టలేదు.

సుబ్బక్క మాత్రం లేవలేదు. శాలువా తీసి పక్కన పెట్టింది. మైకు లేకుండానే మాట్లాడింది. అందరూ నోళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి ఆ సన్నటి గొంతు గేటు దాకా వినబడింది.

"వాణీ, వీధి గది తాళంచెవి పట్రా," అన్నది. "పుల్లయ్యా, యాడుండావు నాయనా? ఈడికి రా. ఈ ఇల్లు నీ చేతిలో పెడతాండా. సదువుకునేటోళ్లు ఎవురొచ్చినా పెట్టుకో. ఎవుర్రా మీరు అని మాత్రం అడగగాకు."

పుల్లయ్య చివరి వరసలోంచి నడిచి వచ్చాడు. నిలబడ్డవాళ్లు దారి ఇచ్చారు, మౌనంలో ఉన్నందుకు ఎవరూ ఏమీ అనలేకపోయారు. స్టేజీ మెట్లెక్కి, ఆమె ముందు వంగి, వాణి లోపలి నుంచి తెచ్చిన తాళంచెవి తీసుకున్నాడు. "అట్లనే అక్కా," అన్నాడు. భాస్కర్ వంచిన తల ఎత్తకుండానే వాచీ చూసుకున్నాడు. రెండు నిమిషాలు ఇంకా కాలేదు.